పాత డిస్కు – క్రొత్త కంప్యూటరు – నడుమ నొక దుబాసి



మన ఇండ్లలో అటకల మీదను, బీరువాల వెనుకను పాత కంప్యూటర్లు కొన్ని దుమ్ము పట్టి పడియున్నవి. అవి యించుమించుగా 2000వ సంవత్సరమునకు తరువాత పదేండ్లలో కొన్నవి. చోటు చాలదని కొందరు వానిని పాత సామానులవానికి తూకమునకు వేయుచున్నారు. అట్లు వేయుటకు ముందు ఆలోచింపవలసిన సంగతి యొకటి కలదు. ఆ పెట్టెలో సుమారు అర కిలో బరువు గల లోహపు పలక యొకటి యుండును. దానిని హార్డ్ డిస్కు అందురు. కంప్యూటరు చెడినంత మాత్రమున ఈ డిస్కు చెడవలెనని లేదు. ఆ యింటివారు వ్రాసికొన్నవి, దాచికొన్నవి అన్నియు దానిలోనే యుండును.

అందేమి యుండునో యూహింపుడు. పెండ్లినాటి ఫోటోలు, తాతగారు చెప్పుచుండగా ఎవరో టైపు చేసిన వంశవృక్షము, అవ్వ పాడిన దంపుళ్ల పాట, ఊరి గుడి జాతరకు వేసిన కరపత్రము, డి.టి.పి. చేయించిన పాఠశాల పత్రికల పాత ప్రతులు. మనవంటి వారికి వీని విలువ మరింత యెక్కువ. ఇంటిలో తెలుగు, సంతలోను కచేరిలోను వేరొక భాష పలుకుచు తరతరములుగా నిలిచియున్న ఊళ్లు మనవి. మన నుడికారములు, పాటలు పుస్తకములలో అచ్చుపడినవి మిక్కిలి తక్కువ. ఒక్క డిస్కులో మాత్రమే యున్న సంగతి ఆ డిస్కుతో పోయినచో, వెదకి తెచ్చుకొనుటకు మరియొక చోటు లేదు.

అయితే పాత డిస్కును తీసి క్రొత్త కంప్యూటరునకు తగిలింపబోయినవారు తరచుగా నిరాశపడుదురు. దాని కొక్కెము దీనికి పట్టదు. పట్టినను తెరపై ఏమియు కనబడదు. కనబడినను అక్షరములు అర్థము కావు. అంతట “ఇది చెడినది” అని నిశ్చయించి పారవేయుదురు. పెక్కుమార్లు ఆ నిశ్చయము సరియైనది కాదు. డిస్కు మూగది కాలేదు. అది మాటలాడు భాష క్రొత్త యంత్రమునకు తెలియదు, అంతే. తెలుగువానికిని తమిళునికిని నడుమ మాట తెగినప్పుడు ఇద్దరిలో ఎవరును మూగవారు కారు గదా! పూర్వము చెన్నపట్టణమున కుంపిణీ వర్తకులకును మనవారికిని నడుమ మాట నడపినవారిని దుబాసీలనిరి. పాత డిస్కునకును అట్టి దుబాసి యొకడు కావలెను. ఆ దుబాసి యెవరో, అతనిచే పని యెట్లు చేయించుకొనవలెనో ఈ వ్యాసమున వివరింతును.

డిస్కు లోపలి సంగతి

హార్డ్ డిస్కు మొట్టమొదట 1956లో వెలువడినది. ఐ.బి.యం. వారి ఆ యంత్రములో 24 అంగుళముల అడ్డుకొలత గల పళ్లెములు 50 ఉండెడివి. అన్నియు కలిసి 50 లక్షల అక్షరములను దాచెడివి. నేడు మన చేతిలో పట్టు డిస్కులలో పళ్లెములు ఒకటో, రెండో, నాలుగో ఉండును. వానిపై అయస్కాంత గుణము గల పలుచని పూత యుండును. ఆ పూతలోని సూక్ష్మభాగములను ఈ వైపునకో ఆ వైపునకో త్రిప్పుటయే డిస్కు వ్రాయు వ్రాత. పళ్లెములు నిమిషమునకు 5400 లేక 7200 చుట్లు తిరుగును. చదువు ముల్లు పళ్లెమును తాకదు. దుమ్ము కణముకంటె తక్కువ యెడములో గాలిపై తేలుచుండును. కావున డిస్కు మూతను ఇంటిలో ఎన్నడును విప్పరాదు. లోపల పడిన చిన్న నలుసైనను ముల్లునకు కొండరాయి వంటిది.

అయస్కాంతపు వ్రాత కరెంటు లేకున్నను నిలిచియుండును. అందుచేతనే పదిహేనేండ్లు అటకపై నున్న డిస్కులోని సంగతులు నేటికిని చదువ వీలగుట కలదు. కాని యంత్రము యంత్రమే. ఇరుసు పట్టివేయవచ్చును, పూత చెడవచ్చును. ఆలస్యము చేసిన కొలది అపాయము పెరుగును.

రెండు కాలముల కొక్కెములు

పాత డిస్కును చేతబట్టి వెనుక వైపు చూడుడు. రెండు వరుసలుగా సూదుల వంటి పిన్నులు కనబడినచో, అది ఐ.డి.ఇ. జాతి డిస్కు. ఆ పిన్నుల స్థానములు 40. వానిలో నొకటి, కేబులు తలక్రిందులుగా పట్టకుండుటకై, ఖాళీగా విడువబడి యుండును. ఈ పద్ధతి 1986 ప్రాంతమున పుట్టినది. దీనికి వెడల్పాటి పట్టీవంటి కేబులు తగిలింతురు. పిన్నులు లేక, ఎల్ అను ఇంగ్లీషు అక్షరమువలె వంగిన సన్నని పలకలు రెండు ప్రక్కప్రక్కనే యున్నచో, అది సాటా జాతి. ఇది 2003లో వాడుకలోనికి వచ్చినది.

మార్పు ఎందులకు కలిగినదని మీరు అడుగవచ్చును. ఐ.డి.ఇ. కేబులులో సమాచారము 16 తీగెలపై ఒకేసారి నడచును. పదునారుగురు బాలురు చేతులు పట్టుకొని ఒకే వరుసలో నడచుట వంటిది. మెల్లగా నడచినంత సేపు వరుస చెడదు. పరుగెత్తుడన్నచో ఒకడు ముందు, ఒకడు వెనుక అగును; ప్రక్కవాని కాలు తగిలి తూలుదురు. తీగెలలోను అంతే. వేగము పెంచిన కొలది సంకేతములు ఒక్క క్షణమున చేరవు, ఒకదాని నొకటి చెరచును. తరువాతి కాలపు కేబులులో నడుమ నడుమ మరి 40 తీగెలు చేర్చి ఈ బాధను కొంత తగ్గించిరి. అయినను సెకనుకు 133 మెగాబైట్లకంటె ముందునకు పోలేకపోయిరి. సాటా పద్ధతిలో వరుస లేదు. ఒక్కొక్కరుగా మిక్కిలి వేగముతో పరుగెత్తుటయే. పోవుటకు ఒక తీగెల జత, వచ్చుటకు ఒక జత. దీని మొదటి మెట్టే సెకనుకు 150 మెగాబైట్లు. 2006లో ఇంటెల్ వారు తమ క్రొత్త చిప్‌సెట్టు నుండి ఐ.డి.ఇ. వసతిని తీసివేసిరి. కొన్ని యేండ్లలో మదర్‌బోర్డుల నుండి ఆ 40 పిన్నుల కొక్కెము కనుమరుగైనది.

దుబాసి యెవరు?

పాత కంప్యూటరే ఇంకను లేచి పనిచేయుచున్నచో, డిస్కు నూడదీయు పని లేదు. పెన్ డ్రైవు పెట్టి కావలసినవి నకలు తీసికొనుడు. ఎఫ్.ఎ.టి. 32 పద్ధతిలో నున్న పెన్ డ్రైవు 4 గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలును పుచ్చుకొనదని మాత్రము గుర్తుంచుకొనుడు.

పాత డిస్కు సాటా జాతిదైనచో పని సులభము. నేటి మదర్‌బోర్డులోని సాటా కొక్కెమునకు పాత సాటా డిస్కు నేరుగా పట్టును. ల్యాప్‌టాపునకైనచో యు.ఎస్.బి. అడాప్టరు కావలెను.

ఐ.డి.ఇ. జాతి డిస్కునకు దుబాసి తప్పనిసరి. ఆ దుబాసియే యు.ఎస్.బి. నుండి ఐ.డి.ఇ.కి మార్చు అడాప్టరు. అరచేతిలో ఇమిడిపోవు ఈ పరికరమునకు ఒక వైపు 40 పిన్నుల డిస్కు, మరియొక వైపు కంప్యూటరు యు.ఎస్.బి. రంధ్రము. నడుమ నున్న చిప్పు అటు మాట ఇటు, ఇటు మాట అటు మార్చి చెప్పును. కొన్నిటికి ల్యాప్‌టాపు డిస్కునకు తగిన 44 పిన్నుల ముఖమును, సాటా ముఖమును కూడ ఉండును. కొనునప్పుడు ఈ మూడును ఉన్నదానినే కొనుట మేలు. పాత సి.డి. డ్రైవు కూడ ఐ.డి.ఇ. జాతిదే యైనచో దీనితోనే పనిచేయించుకొనవచ్చును.

అడాప్టరుతో పాటు కరెంటు పెట్టె యొకటి వచ్చునది చూచి కొనవలెను. బల్లమీది కంప్యూటరులో వాడు మూడున్నర అంగుళముల డిస్కునకు 5 వోల్టులతో పాటు 12 వోల్టులును కావలెను. పళ్లెములను త్రిప్పు మోటారు ఆ 12 వోల్టులమీదనే నడచును. యు.ఎస్.బి. రంధ్రము మామూలుగా నిచ్చునది 5 వోల్టులు మాత్రమే. కావున ప్రత్యేకపు కరెంటు లేనిదే ఆ డిస్కు తిరుగదు. ల్యాప్‌టాపులలోని రెండున్నర అంగుళముల డిస్కునకు 5 వోల్టులే చాలును.

కూర్చు క్రమము

ఈ పనిని పెద్దలు దగ్గర నుండగా చేయుడు. తొందరపడకుడు.

1. పాత కంప్యూటరు ప్లగ్గును గోడనుండి తీసివేయుడు. ఏదైన లోహపు వస్తువును తాకి ఒంటిమీది స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనుడు. మూత విప్పి, డిస్కునకు ఇరువైపుల నున్న మరలు తీయుడు. కేబులును తీగెలు పట్టి లాగరాదు. కొక్కెమును పట్టి మెల్లగా ఊడదీయవలెను.

2. డిస్కు వెనుక, పిన్నులకును కరెంటు కొక్కెమునకును నడుమ చిన్న తొడుగు వంటి జంపరు ఉండును. పూర్వము ఒకే కేబులుమీద రెండు డిస్కులు తగిలించెడివారు. వానిలో ఒకటి ‘మాస్టరు’, రెండవది ‘స్లేవు’ అని యంత్రమునకు తెలుపు గురుతు ఈ జంపరు. అడాప్టరునకు తగిలించునది ఒక్కటే కావున దానిని మాస్టరు స్థానమున పెట్టవలెను. ఏ స్థానము దేనికో డిస్కుపై నంటించిన కాగితముననే బొమ్మ వేసియుండును. కొన్ని డిస్కులలో ఒంటరిగా నున్నప్పుడు జంపరు వేరుగా పెట్టవలెనని ఆ కాగితముననే వ్రాసియుండును, అట్లే చేయుడు. డిస్కు తిరుగుచున్నను తెరపై కనబడకుండుటకు తరచుగా ఈ జంపరే కారణము.

3. పిన్నులు వంగియున్నవేమో చూచి, అడాప్టరును తిన్నగా అదుముడు. పట్టీ కేబులు వాడినచో దాని అంచున నున్న ఎఱ్ఱ గీత ఒకటవ పిన్ను వైపునకు రావలెను. సామాన్యముగా అది కరెంటు కొక్కెమునకు దగ్గరి వైపే.

4. నాలుగు పిన్నుల కరెంటు కొక్కెమునకు రెండు మూలలు చెక్కియుండును. అది ఒక్క విధముగానే పట్టును. పట్టనిచో త్రిప్పి చూడవలెను గాని బలము చూపరాదు. పసుపు తీగెలో 12 వోల్టులు, ఎఱ్ఱ తీగెలో 5 వోల్టులు ఉండును. తారుమారైనచో డిస్కుమీది విద్యుత్ పలక మాడిపోవును.

5. డిస్కును బల్లపై కదలకుండ, లోహపు పలకకు తగులకుండ, ఒక పుస్తకముపై పెట్టుడు. కరెంటు వేయుడు. పళ్లెములు లేచి నిలకడగా తిరుగు ధ్వని వినబడిన పిమ్మట యు.ఎస్.బి. వైరును కంప్యూటరునకు తగిలింపుడు. తిరుగుచుండగా డిస్కును కదపరాదు.

పాత డిస్కులోని విండోసుతోనే క్రొత్త కంప్యూటరును నడుపవలెనని యత్నింపకుడు. ఆ విండోసు పాత మదర్‌బోర్డు నెరిగి కుదిరినది. క్రొత్త ఇంటిలో అది కాలు మోపలేదు. క్రొత్త కంప్యూటరు తన డిస్కుతో తాను లేవవలెను. పాతది దాని ప్రక్కన అతిథివలె నుండవలెను.

చెవితో పరీక్ష

డిస్కు స్థితిని మొదట చెప్పునది చెవి. ధ్వని యేమియు లేకున్నచో కరెంటు చేరలేదేమో చూడుడు; కరెంటు పెట్టెను, కొక్కెమును మార్చి చూడుడు. ధ్వని నిలకడగా నుండి తెరపై ఏమియు రాకున్నచో జంపరును, అడాప్టరును శంకింపవలెను. టక్కు టక్కుమని ఒకే తాళమున కొట్టుకొనుచున్నచో చదువు ముల్లునకు దెబ్బ తగిలియుండును. వెంటనే కరెంటు తీసివేయుడు. మరల మరల యత్నించినచో మిగిలినదియు గీరుకొనిపోవును. అందలి సంగతులు అమూల్యములైనచో ఆ పనియందు ఆరితేరినవారికి అప్పగింపవలెను. డిస్కును ఫ్రిజ్జులో పెట్టినచో బాగుపడునని చెప్పువారు కలరు. అది నమ్మరాదు. చల్లనిదానిపై నీటిబిందువులు పట్టి ఉన్నది కూడ చెడును.

తెరపై వచ్చు ప్రశ్న

అంతయు సరిగా నున్నచో డిస్కు ఒక క్రొత్త అక్షరపు పేరుతో కనబడును. కనబడనిచో విండోసులోని ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ అను చోట చూడుడు. డిస్కు అచట నుండి, అక్షరము మాత్రము లేకున్నచో అక్షరము తగిలింపవచ్చును. దానివలన లోపలి సంగతులకు హాని లేదు.

ఇచట నొక హెచ్చరిక. ఈ వ్యాసమున మరేది మరచినను దీనిని మరువకుడు. కొన్ని సమయముల “ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెను” అని యంత్రము అడుగును. అది ఆజ్ఞ కాదు, తనకు చదువ రాలేదని చెప్పుకొను మాట. ‘క్యాన్సిల్’ అనియే జవాబీయవలెను. ‘ఇనిషియలైజ్’ అని అడిగినను అదే జవాబు. సరే యన్నచో పుస్తకమునకు విషయసూచిక చింపివేసినట్లగును. వేరు కంప్యూటరులోనో, లినక్సులోనో ఆ డిస్కు చక్కగా చదువబడవచ్చును.

డిస్కు తెరచుకొన్న తరువాత మొదట వైరసు పరీక్ష చేయింపుడు. పాత డిస్కులలో నాటి వైరసులు నిద్రించుచుండవచ్చును. కొన్ని ఫోల్డర్లు “అనుమతి లేదు” అనవచ్చును. అవి పాత కంప్యూటరు యజమాని పేరున నున్నవి. అడ్మినిస్ట్రేటరుగా నున్నవారు ‘కంటిన్యూ’ నొక్కినచో సామాన్యముగా తెరచుకొనును.

పిదప పాత డిస్కుపై ఏమియు వ్రాయక, సరిదిద్దక, ఉన్నది ఉన్నట్లు నకలు తీయుడు. ఎంత సేపగునో లెక్క వేయుడు. 40 గిగాబైట్లనగా 40,000 మెగాబైట్లు. సెకనుకు 25 మెగాబైట్ల చొప్పున నడచినచో 1,600 సెకండ్లు, అనగా సుమారు 27 నిమిషములు. చిన్న ఫైళ్లు వేలకొలది యున్నచో మరింత సేపగును. ఆ సమయమున కరెంటు పోకుండ చూచుకొనుడు.

అక్షరముల చిక్కు

నకలు ముగిసినది. పాత పత్రిక ఫైలును తెరచితిరి. తెరపై తెలుగు లేదు; ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు చిందరవందరగా నున్నవి. ఫైలు చెడినదని భయపడకుడు. ఇది మరియొక భాషాభేదము. దీనికిని దుబాసి కలడు.

నాటి డి.టి.పి. పనులలో అను ఫాంట్ల వంటి తెలుగు ఫాంట్లు వాడిరి. వానిలో తెలుగు అక్షరములకు తమవైన సంఖ్యలు లేవు. ఇంగ్లీషు అక్షరముల పీటలపై తెలుగు బొమ్మలను కూర్చుండబెట్టిరి. ఆ ఫాంటు లేని యంత్రములో బొమ్మలు లేచిపోయి పీటలు మాత్రమే కనబడును. యూనికోడు పద్ధతిలో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు ప్రత్యేకముగా కలవు. ‘అ’ 3077, ‘క’ 3093. ఏ దేశమున ఏ యంత్రము తెరచినను ఆ సంఖ్యకు ఆ యక్షరమే.

కావున పాత డిస్కునుండి ఫైళ్లతో పాటు ఫాంట్లను కూడ తెచ్చుకొనుడు. అవి ‘విండోస్’ ఫోల్డరులోని ‘ఫాంట్స్’ అను చోట నుండును. డిస్కును పారవేసిన తరువాత ఫాంటు జ్ఞప్తికి వచ్చి ప్రయోజనము లేదు. ఫాంటు పెట్టినచో చాలవరకు తెలుగు కనబడును. పేజ్‌మేకరులో కట్టిన పుటలకు ఆ సాఫ్ట్‌వేరును కావలెను. దాని వరుస 7వ కూర్పుతో ముగిసినది. ఇట్టి పుటలను దానిలో తెరువగలిగిన డి.టి.పి. వారిచేత పి.డి.ఎఫ్.గా మార్పించి యుంచుకొనుట క్షేమము. పిదప పాత ఫాంటునుండి యూనికోడునకు మార్చు సాధనములతో పాఠమును మార్పింపవచ్చును. మార్చిన పాఠమును మాత్రము ఒకరు మూలముతో సరిచూచి తీరవలెను. ఒత్తులు, గుణింతములు అక్కడక్కడ తప్పిపోవును. తెలుగు చదువనేర్చిన మీరు తప్ప ఆ పని చేయువారు మన ఊళ్లలో మరెవ్వరు?

తల్లిదండ్రులకు

నకలు ఒక్కటి చాలదు. ఒకటి ఇంటి కంప్యూటరులో, ఒకటి వేరొక డిస్కులో, ఒకటి వేరొక ఊరి బంధువుల ఇంటిలో ఉండవలెను. ఫోల్డర్లకు పేరు, సంవత్సరము తెలుగున వ్రాయుడు. ఫోటోలలో నున్నవారి పేర్లు చెప్పగల పెద్దలు ఇంటిలో నుండగానే వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వ్రాయించుడు. మూడు నకళ్లును తెరచుకొనుచున్నవని చూచిన తరువాతనే పాత డిస్కును ఏమి చేయవలెనో ఆలోచింపుడు. దానిని అమ్మకుండ కాగితములో చుట్టి తేమ లేనిచోట నుంచుట ఇంకను మంచిది.

అడాప్టరు ప్రతి ఇంటివారును కొననక్కరలేదు. అది అరిగిపోవు వస్తువు కాదు. ఒకరు కొన్నచో వీధి వీధియంతయు వాడుకొనవచ్చును. పాఠశాలలో నొకటి యున్నచో చుట్టుప్రక్కల ఊళ్లకును చాలును. ఈ సెలవులలో ఒక్కొక్క విద్యార్థి తన ఇంటి అటకను ఒకసారి చూచి, అచట నున్న డిస్కు ఏ జాతిదో, పిన్నులెన్నో, ఏ యేటిదో ఒక కాగితముపై వ్రాసికొని రావలెను. ఏ ఇంటి డిస్కును ముందు చదువవలెనో ఆ కాగితములు చూచి నిర్ణయింపవచ్చును.